132 రోజుల లెక్క

పోయిన సంవత్సరం మా ఇంట్లో ఏ ఇద్దరు కలిసి కూర్చున్నా ఒకటే కూడిక. ఏప్రిల్‌లో 30, మేలో 31, జూన్‌లో 30, జూలైలో 31, ఆగస్టులో 10. మొత్తం 132. 2025-26 ఆర్థిక సంవత్సరంలో మా చెల్లెలు ఈ దేశంలో ఉన్న రోజులవి. చెల్లెలంటే మా చిన్నాన్న కూతురు. పేరు రాయను, రాయొద్దని తనే చెప్పింది. మిగతాదంతా రాయమని చెప్పిందీ తనే. విడాకులు తీసుకుని, మళ్లీ చదువుకుందామని టెక్సాస్ వెళ్లింది. వెళ్లేముందు ఆరేడు నెలలు మా దగ్గరే ఉంది. ఆ నెలల్లో మా ఇంట్లో ఏడుపులు తక్కువ, ఫైళ్లు ఎక్కువ.

నేను చదివింది బీఏ తెలుగు. పన్నులంటే నాకు తెలిసిందల్లా ఏటా జూలైలో మావారు విసుక్కుంటూ చేసే పని అని. అయినా ఈ వ్యవహారంలో నాకూ పని పడింది. ఎందుకంటే లాయరు దగ్గరికి వెళ్లినా, సీఏ దగ్గరికి వెళ్లినా, బ్యాంకుకి వెళ్లినా చివరికి అన్నీ మాటల దగ్గరే ఆగాయి. నివాసం అంటే ఏమిటి, భరణం అంటే ఏమిటి, విడిగా ఉండటం అంటే ఏమిటి. ఒక్కో ఆఫీసు ఒక్కో అర్థం చెప్పింది. ఏ అర్థం ఎక్కడ పనిచేస్తుందో తెలియకపోతే లక్షల్లో తేడా వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నానక్‌రామ్‌గూడ. ఒకప్పుడు రంగనాథస్వామి గుడి ఉన్న ఊరు అంటే తప్ప ఎవరికీ గుర్తు ఉండేది కాదు. 2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ వదిలేసి ఇక్కడ 12 ఎకరాల్లో కట్టుకున్న కొత్త భవనంలోకి వచ్చింది. అప్పటినుంచీ పొద్దున్నే ప్లాస్టిక్ ఫోల్డర్లు పట్టుకున్న పిల్లలు, వాళ్ల వెనక వాళ్లకంటే ఎక్కువ కంగారుపడే అమ్మానాన్నలు మా రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా ఎఫ్-1కి, హెచ్-4కి తేడా తెలుసు. ఇన్ని కంపెనీల మధ్య, ఇంత మంది సాఫ్ట్‌వేర్ వాళ్ల మధ్య ఉంటున్నాం కదా, మా ఆడవాళ్లం నలుగురం కలిస్తే మాత్రం పనిమనిషి గురించీ పిల్లల ర్యాంకుల గురించీ మాట్లాడుకుంటాం. "మీ పాన్ నంబరు మీద ఏమేం ఉన్నాయో మీకు తెలుసా?" అని ఒకళ్లనొకళ్లం అడగం. ఆ లెక్కలు ఆయన చూసుకుంటారు, అంతే.

సీఏ గారు మా చెల్లెల్ని మొట్టమొదట అడిగింది అదే. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ తెరిచి ఏఐఎస్ తీసుకురమ్మన్నారు. మన పాన్ మీద వచ్చిన వడ్డీలు, కొన్న ఆస్తులు, కట్టిన టీడీఎస్ అన్నీ ఒకచోట కనిపించే పట్టిక అది. తెరవబోతే ఓటీపీ వాళ్లాయన ఫోనుకి వెళ్లింది. 2014లో ఉద్యోగం మానేసినప్పటినుంచి తన పాన్‌కి ఉన్న ఫోను నంబరు అతనిది. అడగ్గానే పంపాడు, మంచివాడే. ఇద్దరికీ పొసగలేదు, అంతే. ఆ 'అంతే' అన్న మాట మా పిన్నికి ఇప్పటికీ మింగుడుపడదు.

పట్టికలో తన పేరున 15 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ కనిపించింది. అలాంటిది ఒకటి ఉందని తనకి తెలియదు. డబ్బు అతనిదే, పేరు మాత్రం తనది. ఈ డిపాజిట్ సంగతి మళ్లీ వస్తుంది.

ముందు విడాకులు ఎక్కడ తీసుకోవాలన్న చర్చ నడిచింది. 2023 దసరా నుంచి విడిగానే ఉంటున్నారు. పరస్పర అంగీకారంతో అడగాలంటే ఏడాదైనా విడిగా ఉండాలని హిందూ వివాహ చట్టంలో 13-బి చెబుతుంది. అది దాటింది. 2025 జనవరిలో మొదటి అర్జీ వేస్తే మళ్లీ ఆరు నెలలు ఆగి రెండోసారి కోర్టుకి వెళ్లాలి. ఆ ఆర్నెల్ల గడువు తగ్గించే అధికారం కోర్టుకి ఉందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, తగ్గిస్తారని నమ్మకం పెట్టుకోలేం. అప్పుడు మరిది నాకు ఫోన్ చేశాడు. "వదినగారూ, తను ఎలాగూ టెక్సాస్ వెళ్తోంది కదా. ఆర్నెల్లు ఉంటే అక్కడి కోర్టులోనే వేయొచ్చంట. ఎల్బీ నగర్ చుట్టూ తిరిగే పని తప్పుతుంది" అన్నాడు. నాకు బాగానే అనిపించింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీ నగర్‌లో దిగి, అక్కడినుంచి కోర్టుకి ఆటో. ఈ ప్రయాణం ఎన్నిసార్లు చేయాలో తలచుకుంటేనే నీరసం.

లాయరు మేడం ఒప్పుకోలేదు. మనవాళ్ల కేసే ఒకటి చెప్పారు. లా చదివిన వాళ్లందరికీ తెలుసట, వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి. 1975 ఫిబ్రవరిలో తిరుపతిలో పెళ్లి. 1978లో విడిపోయారు. భర్త మొదట తిరుపతి కోర్టులోనే విడాకుల అర్జీ వేశాడు. అందులో తాను న్యూ ఆర్లీన్స్‌లో ఉంటున్నట్టు, ఇద్దరూ ఆఖరిసారి కలిసి కాపురం చేసింది కూడా అక్కడే అన్నట్టు రాశాడు. ఆ తర్వాత మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో ఇంకో అర్జీ వేశాడు. మిస్సోరీలో 90 రోజులు నివాసం ఉన్నానన్నది దానికి ఆధారం. ఆవిడ ఇక్కడినుంచే, మీ కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదంటూ జవాబు పంపింది. అయినా 1980 ఫిబ్రవరిలో విడాకులు ఇచ్చేశారు. 1981లో అతను ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ ద్విభార్యత్వం కేసు పెట్టింది. అది చివరికి సుప్రీంకోర్టుకి వెళ్లింది. మిస్సోరీ తీర్పు ఇక్కడ చెల్లదని 1991 జూలైలో తేల్చారు.

అందులో నన్ను పట్టుకున్నది నివాసం గురించి చెప్పిన మాట. విడాకుల కోసమని కొన్నాళ్లు కాపురం మార్చడం నివాసం కాదట. అలవాటుగా ఉంటున్న చోటు, ఇకముందు కూడా ఉండబోయే చోటు అయితేనే నివాసం. పైగా అక్కడి కోర్టు ఇచ్చిన కారణం పెళ్లి ఇక అతకదు అన్నది. అలాంటి కారణం మన హిందూ వివాహ చట్టంలో లేదు. ఇద్దరూ ఇష్టపడి ఆ కోర్టుని ఒప్పుకుంటే మినహాయింపు ఉంది. "మీ ఇద్దరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి చెల్లొచ్చు. కానీ పదేళ్ల తర్వాత ఏ ఆస్తి తగాదాలోనో ఎవరో ఒకరు ఈ కాగితం చెల్లదంటే? ఆర్నెల్లకి భయపడి అంత దూరం వెళ్లడం ఎందుకు?" అన్నారు మేడం. అలా ఎల్బీ నగర్ ఖాయమైంది.

కోర్టు సంగతి తేలాక సీఏ గారు తన ప్రశ్న వేశారు. "ఎప్పుడు వెళ్తున్నావమ్మా? ఎందుకు వెళ్తున్నావు?" ఎప్పుడు అన్నది అర్థమైంది. ఎందుకు అన్నది ఆయనకెందుకా అనుకున్నాను. తీరా చూస్తే అసలు సంగతి అక్కడే ఉంది.

ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడుంటే ఆ ఏడాదికి మనం నివాసులం. ఇది చాలామందికి తెలుసు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ఆ ఏడాది 60 రోజులు, అంతకుముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడుంటే అప్పుడు కూడా నివాసులమే. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే పౌరులకి మాత్రం ఆ 60ని 182 చేశారు. అంటే ఆగస్టు 10న ఒకే విమానంలో ఇద్దరు ఎక్కారనుకోండి. ఇద్దరూ 132 రోజులే ఇక్కడున్నారు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఆ ఏడాదికి నివాసులు కారు. చదువుకి వెళ్లే మా చెల్లెలు నివాసే. భర్త వెంట వెళ్లే గృహిణి కూడా అంతే, ఆవిడ వెళ్తున్నది ఉద్యోగానికి కాదు కదా! మొగుడు నాన్ రెసిడెంటూ పెళ్లాం రెసిడెంటూ అయ్యే సంవత్సరాలు ఉంటాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

బ్యాంకుల వాళ్ల చట్టం ఫెమా. దానికి రోజుల లెక్క కంటే మనసులోని ఉద్దేశం ముఖ్యం. ఎన్నాళ్లో తెలియకుండా బయట ఉండటానికి వెళ్తే, వెళ్లిన నాటినుంచే నాన్ రెసిడెంట్. చదువుకి వెళ్లిన విద్యార్థులు కూడా ఈ కిందికే వస్తారని రిజర్వ్ బ్యాంకు 2003లోనే స్పష్టం చేసింది.

ఇక అమెరికా. అక్కడ మూడేళ్ల రోజులు కలిపి 183 దాటాయా అని చూస్తారు. ఈ ఏడాది రోజులు పూర్తిగా, పోయిన ఏడాదివి మూడో వంతు, అంతకుముందువి ఆరో వంతు. కానీ ఎఫ్-1 మీద వెళ్లిన విద్యార్థి మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఈ లెక్కలోకే రాదు. పగలూ రాత్రీ అక్కడే ఉన్నా వాళ్ల పన్ను చట్టానికి నాన్ రెసిడెంటే.

అంటే ఒకే మనిషి, ఒకే సంవత్సరం. మన పన్ను ఆఫీసుకి ఇక్కడి మనిషి. మన బ్యాంకుకి ఇక్కడి మనిషి కాదు. అమెరికా పన్ను ఆఫీసుకి అక్కడి మనిషీ కాదు. మా చెల్లెలు ఇది విని నవ్వింది. "అత్తగారింట్లో పుట్టింటిదాన్ని, పుట్టింట్లో అత్తగారింటిదాన్ని. నాకు ఇది అలవాటే అక్కా" అంది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఇక్కడ నివాసి అయితే ఏమవుతుంది? ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాలి. అక్కడ యూనివర్సిటీలో పని చేస్తే వచ్చే జీతం, తెరిచిన బ్యాంకు ఖాతా, అన్నీ మన రిటర్నులో రాయాలి. బయటి ఖాతాలు చెప్పకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కానివి మొత్తం 20 లక్షల లోపు ఉంటే ఆ జరిమానా వేయడం లేదు. అంతమాత్రాన రాయక్కర్లేదని కాదు. అక్కడ పన్ను కడితే ఫారం 67 వేసి ఇక్కడ తగ్గించుకోవచ్చు. భారతీయ విద్యార్థులకి రెండు దేశాల ఒప్పందం వల్ల ఒక మేలు కూడా ఉంది. మామూలుగా నాన్ రెసిడెంట్లకి ఇవ్వని స్టాండర్డ్ డిడక్షన్ మనవాళ్లకి ఇస్తారు.

ఇప్పుడు డబ్బు సంగతి. మణికొండలో ఫ్లాటు ఉంది, ఇద్దరి పేరునా. 2014లో 56 లక్షలకి కొన్నారు. అందులో 28 లక్షలు మా చెల్లెలివి. సత్తెనపల్లి దగ్గర పసుపు కుంకుమ కింద మా చిన్నాన్న రాసిచ్చిన పొలం అమ్మి పెట్టిన డబ్బు. ఇప్పుడు ఫ్లాటు 1 కోటీ 40 లక్షలు చేస్తుంది. ఫ్లాటు అతను ఉంచుకుంటాడు, తనకి మొత్తం 1 కోటి ఇస్తాడు. ఇదీ ఒప్పందం. ముసాయిదాలో ఒకే వాక్యం ఉంది. ఫ్లాటులో హక్కు వదులుకున్నందుకూ, ఇకముందు ఎలాంటి భరణం అడగనందుకూ కలిపి కోటి రూపాయలు అని.

సీఏ గారు ఆ వాక్యం దగ్గర పెన్ను పెట్టి ఆగిపోయారు. మన చట్టంలో భరణం మీద పన్ను గురించి వేరే సెక్షన్ అంటూ లేదట. 1980ల నాటి బొంబాయి హైకోర్టు తీర్పు ఒకటి ఆధారం, ప్రతాప్‌గఢ్ రాణిగారి కేసు. విడాకులప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం ఆదాయం కాదు, దాని మీద పన్ను లేదు. నెలనెలా వచ్చే భరణం మాత్రం ఆదాయమే, దానికి పన్ను కట్టాలి. ఇక ఫ్లాటులో వాటా ఇచ్చి డబ్బు తీసుకుంటే అది అమ్మకం. లాభం మీద పన్ను ఉంటుంది. "ఈ కోటిలో ఏది ఏదో రాయకపోతే రేపు ఆఫీసరు తనకి తోచినట్టు విడదీస్తాడు" అన్నారు.

ఇదిగో ఇక్కడ నా బీఏ పనికొచ్చింది. జీవనం కొరకు ఇచ్చింది అంటే చతుర్థీ విభక్తి, పన్ను లేదు. వాటాకు ఇచ్చింది అంటే షష్ఠి, పన్ను ఉంది. బాలవ్యాకరణం చదివిన రోజుల్లో ఈ విభక్తులతో లక్షలు మారతాయని మా మాస్టారు చెప్పి ఉంటే ఇంకాస్త శ్రద్ధగా వినేవాళ్లం. సీఏ గారికి ఈ మాట చెబితే ఆయన పెద్దగా నవ్వి, ఆ తర్వాత మా ఎదురుగా లాయరుకి ఫోన్ చేసి ఇదే ఉదాహరణ చెప్పారు.

అయితే మాటలు మార్చినంత మాత్రాన సరిపోదు. కోటీ భరణమే అని రాసి, పక్కనే ఫ్లాటు హక్కు ఉత్తినే వదులుకున్నట్టు రాస్తే ఎవరూ నమ్మరు. ఉన్నదున్నట్టు విడదీశారు. వాటాకి 70 లక్షలు, శాశ్వత భరణం కింద 30 లక్షలు. 28 పెట్టి 70కి ఇచ్చింది కాబట్టి లాభం 42 లక్షలు. దాని మీద 12.5 శాతం అంటే 5 లక్షల 25 వేలు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్లకి ఇంకో దారి ఉంది. ధరల సూచీ ప్రకారం కొన్న ధర పెంచుకుని మిగిలిన లాభం మీద 20 శాతం కట్టొచ్చు. సూచీ 2014-15లో 240, 2025-26లో 376. అలా చేస్తే 5 లక్షల 22 వేల పైచిలుకు. తేడా ఏమంత లేదు, మా చెల్లెలి విషయంలో. కానీ ఈ రెండో దారి నివాసులకే. పన్ను లెక్కలో నాన్ రెసిడెంటు అయినవాళ్లకి లేదు. ఇరవై ఏళ్ల కిందట కొన్న ఇళ్లయితే లెక్క వేరుగా తేలొచ్చు, ఎవరికి వారు వేసి చూసుకోవాలి. ఆ 42 లక్షలూ ఆరు నెలల్లో 54-ఈసీ బాండ్లలో పెడితే పన్నే ఉండదు గానీ అయిదేళ్లు కదపకూడదు. తనకి ఫీజులు కట్టాలి. పన్ను కట్టేసింది.

టీడీఎస్ దగ్గర ఒక తమాషా. 50 లక్షలు, ఆపైన స్థిరాస్తి కొంటే కొన్నవాళ్లు 1 శాతం కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి. కొన్నది భర్త, అమ్మింది భార్య. మరిది 70 వేలు కోసుకుని కట్టాడు. ఆ రసీదు వాట్సాప్‌లో వచ్చినప్పుడు, పదమూడేళ్ల కాపురంలో అతను తన పేరున ప్రభుత్వానికి కట్టిన మొదటి రసీదు ఇదేనంది మా చెల్లెలు. అమ్మేవాళ్లు నాన్ రెసిడెంట్లయితే ఆ 1 శాతం వర్తించదు. కొన్నవాళ్లు అసలు రేటు ప్రకారమే కోయాలి. తక్కువ కోయాలంటే ముందుగా డిపార్ట్‌మెంట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. డబ్బు నెలల తరబడి రిఫండ్ కోసం ఎదురు చూస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ తను ఎక్కేలోపే అయిపోవాలని సీఏ గారి పట్టుదల. వెళ్లాకైతే హ్యూస్టన్‌లో మన కాన్సులేట్‌కి వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ చేయించి, అది ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. తర్వాతి ఏప్రిల్ దాటితే పన్ను లెక్కలో కూడా నాన్ రెసిడెంటు అయిపోతుంది.

ఆ వేసవిలో మా కంగారు ఇంతా అంతా కాదు. 2025 మే నెలాఖరులో అమెరికా వాళ్లు విద్యార్థి వీసాలకి కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేశారు. జూన్ మూడో వారంలో గానీ మళ్లీ మొదలవలేదు. కాన్సులేట్ మా బాల్కనీ నుంచి చూస్తే కనిపించేంత దగ్గర. ఏం లాభం? జూలైలో ఒకే నెలలో వీసా ఇంటర్వ్యూ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఎల్బీ నగర్‌లో రెండో హాజరు. ఇంటర్వ్యూ నాటికి ఇంకా చట్టప్రకారం భార్యే కాబట్టి ఫారంలో వివాహిత అని రాసింది. పది రోజుల తర్వాత కాదు.

ఇప్పుడు ఆ 15 లక్షల డిపాజిట్. భర్త తన డబ్బు భార్య పేరున పెడితే దాని మీద వడ్డీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. 1961 చట్టంలో 64వ సెక్షన్. ఇల్లు రాసిచ్చినా అంతే, దానికి 27వ సెక్షన్. రెండింటిలోనూ ఒక మినహాయింపు ఉంది. విడిగా బతకడానికి చేసుకున్న ఒప్పందం ప్రకారం ఇస్తే మాత్రం అది భార్యదే. ఆస్తీ ఆమెదే, దాని మీద పన్నూ ఆమెదే. సీఏ గారు ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు నాకు ఒక్క క్షణం ఎలాగో అనిపించింది. కలిసి బతికినంతకాలం ఆమె పేరున ఉన్నదంతా లెక్కల్లో అతనిది. విడిగా బతుకుతామని రాసుకున్నాక ఆమె పేరున ఉన్నది ఆమెది. ఇందులో అన్యాయం ఏమీ లేదు, పన్ను ఎగ్గొట్టడానికి పెళ్లాం పేరున పెట్టేవాళ్లని ఆపడానికి రాసిన చట్టం. అయినా ఎలాగో అనిపించింది. డిపాజిట్‌ని 30 లక్షల భరణంలో భాగంగా ఒప్పందంలో పేరు పెట్టి రాశారు, మిగతా 15కి డీడీ.

విడాకుల తేదీకి ఇంకో సంగతి ముడిపడి ఉంది. భార్యాభర్తల మధ్య కానుకలకి పన్ను లేదు. తీర్పు వచ్చిన మర్నాటినుంచి వాళ్లు చట్టానికి బంధువులు కారు. పాత భర్త ప్రేమగా ఓ లక్ష పంపినా, అది తీర్పులో లేనిదైతే, 50 వేలు దాటిన కానుక కింద పన్ను పడుతుంది. ఇవ్వదలుచుకున్నదంతా కాగితం మీద ఉండాలనేది అందుకే.

బ్యాంకులో జరిగింది రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. ఏ బ్యాంకో చెప్పను. ఫోను నంబరు మార్చుకోవడానికి వెళ్తే కౌంటర్లో అబ్బాయి "మీ హస్బెండ్‌ని తీసుకురండి మేడం" అన్నాడు. ఖాతా తన పేరున, సంతకం తనది. మా చెల్లెలు గొంతు పెంచకుండా "ఆయన్ని వచ్చే గురువారం కోర్టులో కలుస్తాను, అక్కడికి ఫారం పంపిస్తారా?" అని అడిగింది. మేనేజరే లేచి వచ్చాడు.

వెళ్లేముందే మొదటి సెమిస్టర్ ఫీజు పంపేసింది. నివాసిగా ఉన్నప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. సొంత డబ్బుతో చదువుకి పంపితే 2025-26లో 10 లక్షలు దాటినదాని మీద 5 శాతం టీసీఎస్ కోసేవారు, అది రిటర్నులో తిరిగొస్తుంది. వెళ్లాక పొదుపు ఖాతాని ఎన్‌ఆర్‌ఓ కింద మార్చాలి. దానినుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు, ప్రతిసారీ ఫారాలూ సీఏ సర్టిఫికెట్టూ వగైరా. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద బ్యాంకు 30 శాతం, పైన సెస్సు కోస్తుంది. బ్యాంకు దృష్టిలో ఇక్కడి మనిషి కాదు కదా. పన్ను ఆఫీసు దృష్టిలో ఆ ఏడాదికి ఇక్కడి మనిషే కాబట్టి రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవాలి. ఒకరు కాదన్నదాన్ని ఇంకొకరు ఔనంటారు, మధ్యలో మన డబ్బు. పీపీఎఫ్ ఉన్నవాళ్లు గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, కొత్తది తెరవకూడదు.

బంగారం సంగతి మా పిన్ని అడిగింది. సోదాలు జరిగినా వివాహిత దగ్గర 500 గ్రాములు, అవివాహిత దగ్గర 250 గ్రాములు, మగవాళ్ల దగ్గర 100 గ్రాముల వరకు నగలు స్వాధీనం చేసుకోవద్దని 1994లో సూచనలు ఇచ్చారు. "మరి దీన్ని దేనికింద రాస్తారే?" అని పిన్ని. ఎవరి దగ్గరా జవాబు లేదు. నగలన్నీ లాకర్లో పెట్టి, పుట్టింటివాళ్లు చేయించిన రెండు పేటల గొలుసు మాత్రం వేసుకెళ్లింది. అది తనదేనని ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తీసుకుంది, తిరిగొచ్చేటప్పుడు కొత్తగా తెచ్చిందని సుంకం వేయకుండా.

అమెరికాలో ఉండగా విడిపోయే మన పిల్లల కష్టం ఇంకో రకం. మా బ్లాకులో అలా తిరిగొచ్చిన ఒకమ్మాయి ఉంది. హెచ్-4 అనేది పెళ్లి మీద నిలబడిన హోదా. విడాకులు ఖాయమైన రోజుతో అది పోతుంది. ఉన్న ఇల్లూ, బడికెళ్లే పిల్లలూ ఉన్నా హోదా పోతుంది. పైగా అక్కడ భార్యాభర్తలు కలిపి రిటర్ను వేస్తే ఆ పన్ను మొత్తానికీ ఇద్దరూ బాధ్యులే. భర్త ఏదైనా దాచినా, విడాకుల తర్వాత కూడా ఆమెని అడగొచ్చు. తనకేమీ తెలియదని నిరూపించుకుని మినహాయింపు అడిగే దారి ఉంది, దానికి వేరే ఫారం. ఆ అమ్మాయి ఆరేళ్లు సంతకాలు పెట్టిందట, కాగితం మొదటి పేజీ కూడా చూడకుండా. 2018 తర్వాతి విడాకుల్లో భరణం మీద అక్కడ తీసుకున్నవాళ్లకి ఫెడరల్ పన్ను లేదు, ఇచ్చినవాళ్లకి తగ్గింపూ లేదు. విడాకుల్లో ఆస్తి పంచుకుంటే సాధారణంగా పన్ను పడదు. కానీ తీసుకునే మనిషి వాళ్ల లెక్కలో నాన్ రెసిడెంటు అయితే ఆ సౌకర్యం లేదు. ముందు ఇండియా వచ్చేసి తర్వాత వాటా తీసుకుందాం అనుకునేవాళ్లు ఇది తప్పక అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడ రాసినవన్నీ మా చెల్లెలి కేసులో, ఆ సంవత్సరానికి సరిపోయినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. చాలా సెక్షన్ల అంకెలు మారాయి. మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఈ వ్యాసం పట్టుకుని కాదు, ఒక మంచి సీఏని, లాయరుని ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడండి. వేర్వేరుగా అడిగితే ఒకరు రాసింది ఇంకొకరు చూడరు.

మా చెల్లెలు ఏప్రిల్‌లో అమెరికా రిటర్ను వేసేసింది. డిసెంబరు 31 నాటికి పెళ్లి ఉందా లేదా అన్నదే వాళ్లకి కావాలి, కాబట్టి సింగిల్ అని టిక్కు పెట్టింది. ఇప్పుడు మన ఐటీఆర్-2 మిగిలింది. మొన్న శనివారం రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చుని చూశాం. నివాసం దగ్గర వరసగా చిన్న చిన్న గడులు ఉంటాయి. ఈ ఏడాది 60 రోజులు, ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఉన్నాను అన్న గడి దగ్గర ఆగింది.

"అక్కా, నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడే ఉన్నానని రుజువు అడిగితే ఏం చూపించాలి?"

"పాస్‌పోర్టు" అన్నాను.

కెమెరా ముందు పేజీలు తిప్పింది. ఒక వీసా, శంషాబాద్‌లో వేసిన ముద్ర ఒకటి, డాలస్‌లో వేసింది ఒకటి. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి.

"ఇదేనా రుజువు?" అంది.

"అదే" అన్నాను. గడిలో టిక్కు పెట్టి, తర్వాతి పేజీకి వెళ్లింది.